పట్టా నుండి పనికి

విద్యకు నాలుగు దశలు గలవని మన పెద్దలు చెప్పుదురు. అధీతి, బోధ, ఆచరణము, ప్రచారణము అని వానికి పేర్లు. చదువుట మొదటిది, చదివినదానిని తెలిసికొనుట రెండవది, తెలిసినదానిని చేసి చూపుట మూడవది, ఇతరులకు అందించుట నాలుగవది. కావ్యములు చదువుకొన్న మావంటివారికి ఈ దశల నడుమ ఎడము అంతగా కనబడదు. శ్లోకార్థము తెలిసినవాడు మరునాడే దానిని వేరొకనికి చెప్పగలడు. వంతెనలు కట్టుట, విద్యుచ్ఛక్తిని ఊరూరికి నడపుట వంటి విద్యలలో అట్లు గాదు. అచ్చట గణితము వచ్చినంతమాత్రమున పని రాదు. పట్టాకును పనికిని నడుమ దాటవలసిన యేరొకటి యున్నది. దానిని మన దేశమున ఇంజనీరులు ఎట్లు దాటిరో, అందును ఒక తెలుగింటి ఆడుబిడ్డ ఎట్లు దాటెనో మనవి చేసెదను.

మొదట ఈ యేరు లేనే లేదు. 1794వ సంవత్సరమున చెన్నపట్టణములో ఈస్టిండియా కంపెనీవారు భూమికొలత నేర్పుటకు ఒక చిన్న బడి పెట్టిరి. కంపెనీవారి ఖగోళశాస్త్రజ్ఞుడు మైకేల్ టాపింగు దానికి కారకుడు. ఎనమండుగురు బాలురతో అది మొదలైనది. వారు విద్యార్థులా, పనివారా యనినచో రెండును అనియే చెప్పవలెను. కొలత నేర్చుటయే చదువు, కొలుచుటయే కొలువు. టాపింగు మన కృష్ణా గోదావరీ ప్రాంతములను పరిశీలించినవాడు. 1796లో మచిలీపట్టణమున మరణించెను. ఆయన నాటిన ఆ బడియే పెరిగి పెద్దదై, 1859 నాటికి సివిలు ఇంజనీరింగు కళాశాల యయ్యెను. 1920లో గిండీకి తరలెను. బడి కళాశాల యగుటవలన శాస్త్రము విస్తరిల్లినది. అయితే పాఠము ఒకచోటను పని మరియొకచోటను నిలిచినవి.

అట్లు నిలిచిన కాలమున దొరతనమువారే కొందరికి పడవ వేసి దాటించిరి. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి కథ అట్టిది. ఆయన పుట్టినది మైసూరు సీమలోనే యైనను, ఇంటిపేరు మన గిద్దలూరు ప్రాంతమునందలి మోక్షగుండమునుండి వచ్చినది. మైసూరు ప్రభుత్వమువారి వేతనముతో పూనాలోని సైన్సు కళాశాలలో చదివి, 1883లో ప్రథముడుగా ఉత్తీర్ణుడయ్యెను. అట్టివానికి బొంబాయి ప్రభుత్వము కొలువు నిశ్చయముగా ఇచ్చు ఏర్పాటు ఆనాడుండెను. కావున 1884లోనే ఆయన అసిస్టెంటు ఇంజనీరు కాగలిగెను. ఉద్యోగమునకై ఒకరి గడప తొక్కవలసిన పని లేకపోయెను. కాని ఉద్యోగము దొరకుట వేరు, పని పట్టుబడుట వేరు. ఖాందేశములో పాంజ్రా నదీప్రాంతమున దాతర్తి గ్రామమువద్ద ఒక సైఫను వేయుమని ఆయనకు పని పెట్టిరి. కాలువ నీటిని గొట్టములలో ఏటి అడుగుగా పంపి, ఆవలి గట్టున మరల పైకి తెచ్చుటయే సైఫను. ఇంతలో వానలు పట్టినవి. పని ఆపి, వర్షకాలము గడచినపిమ్మట సాగింతుమని ఆయన పైయధికారికి వ్రాసెను. అది అవిధేయతగా తోచి ఆ యధికారి కినిసెను. అంతట ఆయన మరల పనికి పూని దానిని ముగించెను. వాన పడునపుడు ఇసుకలో గొట్టము వేయుట యెట్లో పుస్తకములో చదివి తెలిసికొనునది కాదు గదా!

విశ్వేశ్వరయ్యగారు కొలువులో చేరిన యరువదేండ్లకు, అదే యేటిని ఏ యేర్పాటును లేక దాటినవారు అయ్యలసోమయాజుల లలితగారు. ఆమె 1919లో చెన్నపట్టణమున తెలుగు కుటుంబమున జన్మించెను. తండ్రి పప్పు సుబ్బారావుగారు గిండీ కళాశాలలోనే విద్యుచ్ఛాస్త్రాచార్యులు. పదునైదవ యేట వివాహమైనది. పదునెనిమిదవ యేట, చంటిబిడ్డ నాలుగు నెలలదై యుండగా భర్త గతించెను. ఆ కాలమున అట్టి బాలవితంతువునకు మన యిండ్లలో ఏమి మిగిలెడిదో నేను వివరింప నక్కరలేదు; మా యమ్మమ్మల తరమువారిని చూచినవారికి అది తెలియును. సుబ్బారావుగారు కూతురిని మూల గదిలో కూర్చుండనీయలేదు. క్వీన్ మేరీసు కళాశాలలో ఆమె ఇంటర్మీడియటు మొదటి తరగతిలో ముగించెను. వైద్యము చదువవచ్చును గాని, వేళ గాని వేళ బిడ్డను విడిచి పోవలసివచ్చునని ఆమె ఇంజనీరింగు కోరెను. గిండీలో అంతవరకు స్త్రీలు లేరు. ప్రిన్సిపాలు చాకోగారును, విద్యాశాఖాధికారి స్టాథముగారును అనుకూలించిరి. పిదప సంవత్సరమున పి. కె. త్రేసియా, లీలమ్మ జార్జి యను మరి యిద్దరు సివిలు శాఖలో చేరిరి. యుద్ధకాలమగుటచే చదువుల గడువు కొంత తగ్గింపగా ముగ్గురును ఒకేసారి 1943లో ముగించిరి.

ఆ పట్టాను గూర్చి ఒక ముచ్చట గలదు. అచ్చువేసిన పత్రములో 'అతడు' అని అర్థమిచ్చు ఆంగ్లపదమే యుండెనట. దానిని కొట్టివేసి 'ఆమె' అని చేతితో దిద్దవలసివచ్చినది. మన గ్రాంథికభాషలో వ్రాసియుండినచో ఆ చిక్కు రాకపోయెడిది. 'ఉత్తీర్ణత పొందెను' అన్న క్రియ స్త్రీకిని పురుషునకును ఒక్కటియే. వ్యాకరణము చెప్పి బ్రతికినవాడను గనుక ఈ మాట చెప్పకుండ ఉండలేకపోతిని.

దిద్దిన పట్టాతో పని దొరకునా? ప్రత్యక్షానుభవము లేనిదే ఇంజనీరు చదువు నిండదు. దానికై లలితగారు ఒక సంవత్సరము బీహారులోని జమాల్‌పూరు రైల్వే కర్మాగారమున అప్రెంటిసుగా పనిచేసెను. 1862లో ఈస్టిండియన్ రైల్వేవారు స్థాపించిన కర్మాగారమది. ఆవిరి యంజనులను విప్పి, మరమ్మతు చేసి, మరల కూర్చుట దాని పని. 1899లో అచ్చటనే తయారైన యంజనునకు 'లేడీ కర్జన్' అని స్త్రీ పేరు పెట్టిరి. ఒకనాడు స్త్రీయే వచ్చి అచ్చట పని నేర్చునని ఆ పేరు పెట్టినవారు తలచియుండరు. గిండీలో పుస్తకమున చూచిన యంత్రము అచ్చట నూనె మరకలతో, చప్పుడుతో, వేడిమితో ఎదురగును. నా దృష్టిలో ఆమె చదువులో నాలుగేండ్లకంటె ఈ యొక్క యేడు గొప్పది. ఆచరణమను మూడవ దశ అచ్చటనే ప్రారంభమైనది.

తరువాత కొలువు. ఇక్కడ ముగ్గురి దారులు మూడు. త్రేసియాగారు కొచ్చి సంస్థానపు పబ్లిక్ వర్క్సు శాఖలో సెక్షను ఆఫీసరుగా చేరి, 1971లో కేరళ రాష్ట్రమునకు చీఫ్ ఇంజనీరయ్యెను. లీలమ్మగారు తిరువాన్కూరు శాఖలో చేరెను. లలితగారికి మాత్రము పనితోపాటు మరియొక ప్రశ్న యుండెను: బిడ్డ యెచ్చట పెరుగవలెను? ఆమె యెన్నుకొన్న మొదటి యుద్యోగము సిమ్లాలోని సెంట్రల్ స్టాండర్డ్స్ ఆర్గనైజేషనులో ఇంజనీరింగు అసిస్టెంటు పదవి. సిమ్లాయే యెందులకనగా, అచ్చట సోదరుని కుటుంబ ముండెను. తాను కచ్చేరికి పోయినపుడు పాపను చూచువారు గలరు. చరిత్ర వ్రాయువారు పదవుల పేర్లు వ్రాయుదురు గాని, ఆ పదవి చేయుటకు ఇంటిలో ఎవరు బిడ్డకు అన్నము పెట్టిరో వ్రాయరు. ఆమె యుద్యోగ చరిత్రలో అది సగము.

1946 చివరవరకు అచ్చట పనిచేసి, పిమ్మట కొన్ని నెలలు చెన్నపట్టణమున తండ్రి పరిశోధనలకు తోడ్పడెను. సుబ్బారావుగారు విద్యుత్తుతో పలుకు వాద్యమొకటియు, పొగ లేని పొయ్యియు కల్పించుచుండిరి. అది విద్యకు ఇంపైనదే. కాని ఆమెకు జీవనాధారము కావలసియుండెను. 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీసు కంపెనీలో చేరెను. అచ్చటను ఒక సోదరుడుండెను. విద్యుత్తు పంపిణీ తీగల నమరికయు, సబ్‌స్టేషనుల నిర్మాణ పటములును, ప్రమాదము కలిగినపుడు ప్రవాహము దానంతట తెగిపోవు రక్షణ సాధనములును ఆమె కార్యములు. భాక్రా నంగల్ ఆనకట్టకు వలసిన విద్యుత్పరికరముల పనియు అందు చేరినది. 1953లో లండనులోని విద్యుదింజనీరుల సంస్థ ఆమెను అసోసియేటు సభ్యురాలిగా ఎన్నుకొనెను. 1964లో న్యూయార్కున స్త్రీ ఇంజనీరుల, శాస్త్రజ్ఞుల ప్రథమ అంతర్జాతీయ సభ జరుగగా, మన దేశమున అట్టి సంఘము లేకుండుటచే ఆమె తన సొంత హోదాలోనే పోయెను. తల్లి కచ్చేరినుండి వచ్చువరకు సిమ్లాలో మేనమామ యింట వేచియుండిన పాప అప్పటికి ఇరువది యేండ్లు దాటినది.