చీరల ఆన్‌లైన్ అంగడికి థీమ్ ఎంపిక: దొడ్డబళ్ళాపురం మరమగ్గాల వారికి ఒక వివరణ

బెంగళూరు నుండి హిందూపురం వెళ్ళే రహదారిపై, రాజధానికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉన్న దొడ్డబళ్ళాపురం మరమగ్గాల పట్టణం. ఈ తాలూకా కేంద్రంలో దేవాంగ, పద్మశాలి తదితర నేత కుటుంబాలు తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. ఇంట తెలుగు, బజారులో కన్నడం మాట్లాడేవారు వీరిలో అనేకులు. ఇక్కడ నేసిన చీర బెంగళూరు చిక్కపేట టోకు వర్తకుల ద్వారా ఊరూరి అంగళ్ళకు చేరడం పాత పద్ధతి. 2020 మార్చిలో లాక్‌డౌన్ విధించినపుడు అంగళ్ళన్నీ ఒక్కసారిగా మూతపడి, నేసిన సరుకు ఇళ్ళలోనే నిలిచిపోయింది. కొనుగోలుదారుకు నేరుగా అమ్ముకునే ఆన్‌లైన్ అంగడి గురించి మగ్గాల యజమానులు గట్టిగా ఆలోచించడానికి అటువంటి అనుభవమే కారణం.

అంగడి తెరవదలచిన వానికి మొదట ఎదురయ్యే ప్రశ్న థీమ్. ధర లేనివి, వేల రూపాయల ధర గలవి, చూడముచ్చటైనవి వందలాదిగా కనిపిస్తాయి. వాటిలో చీరలకు పనికివచ్చేది ఏది అన్నది సొగసును బట్టి తేలే విషయం కాదు.

థీమ్ అనగా నేమి

ఆన్‌లైన్ అంగడిలో రెండు భాగాలు ఉంటాయి. సరుకుల పట్టిక, ధరలు, నిల్వలు, ఆర్డర్లు ఒక భాగం. వాటిని తెరమీద చూపే రూపం రెండవ భాగం. ఆ రూపమే థీమ్. జకార్డు మగ్గం ఎరిగిన వారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. అట్టలు మార్చితే పువ్వు మారుతుంది, పడుగు మారదు. థీమ్ మార్చినా సరుకుల పట్టిక మారకూడదు. మారినట్లయితే, లేదా వివరాలు మాయమైనట్లయితే, ఆ థీమ్ తన పరిధి దాటి పట్టికలో వేలు పెట్టినదని అర్థం. చీరల వివరాలను తన సొంత గదులలో దాచుకొనే థీమ్‌ను వదలుకోవాలనుకున్ననాడు ఆ వివరాలు కూడా దానితోనే పోతాయి.

మన దేశంలోని చిన్న వర్తకులు ఎక్కువగా వినే పేర్లు రెండు. మొదటిది వర్డ్‌ప్రెస్‌పై పనిచేసే వూకామర్స్. ఇది 2011లో వచ్చింది. ఉచితమే గాని హోస్టింగ్, భద్రత, మరమ్మతులు యజమాని బాధ్యత. రెండవది 2006లో మొదలైన షాపిఫై. దీనికి నెలనెలా రుసుము ఉన్నది. సర్వర్ల నిర్వహణ ఆ సంస్థదే. ఒకదాని థీమ్ మరొకదానికి పనికిరాదు. కనుక వేదిక ఏదో తేల్చుకున్న తరువాతే థీమ్ వెతకాలి. వేదికకు కాలం చెల్లితే థీమ్‌కూ చెల్లినట్లే. 2008లో వచ్చిన మజెంటో తొలి తరానికి 2020 జూన్ 30తో మద్దతు ముగిసింది. దాని కోసం కొన్న థీమ్‌లు రెండవ తరానికి పనికిరాలేదు.

చీర చొక్కా కాదు

థీమ్ విక్రేతలు చూపే నమూనా అంగడిలో చొక్కాలు, బూట్లు, పూలకుండీలు తెల్లని నేపథ్యంపై ముచ్చటగా నిలబడి ఉంటాయి. అవన్నీ చదరపు గడిలో ఇమిడే వస్తువులు. చీర సుమారు ఐదున్నర మీటర్ల పొడవు, రవికె గుడ్డతో కలిపి 6.3 మీటర్ల వరకు ఉండే వస్త్రం. దానిని చదరపు గడిలో పెట్టగానే థీమ్ తనంతట తానే పైనా క్రిందా కత్తిరిస్తుంది. కత్తిరింపులో పోయేది సాధారణంగా అంచు. కొనేవారు ముందుగా చూసేది ఆ అంచునే.

కనుక మొదటి పరీక్ష ఇది. నమూనా చిత్రాలను తొలగించి, మగ్గం ఇంట్లో ఫోనుతో తీసిన చిత్రాలనే థీమ్‌లో పెట్టి చూడాలి. నమూనా చిత్రాలు పెళ్ళిచూపుల నాటి అలంకారం వంటివి. రోజువారీ ముఖం వేరు. నిలువు చిత్రాన్ని కత్తిరించకుండా పూర్తిగా చూపుతున్నదా? ఒక్కొక్క చీరకు ఐదారు చిత్రాలు పెట్టనిస్తున్నదా? పరచిన చీర, కొంగు, అంచు దగ్గరి నుండి, ఒంటిపై బుటా, రవికె గుడ్డ, వెనుక వైపు అనేవి కనీసం ఉండవలసినవి. వెనుక వైపు చిత్రం చాలామంది పెట్టరు. కాని చీర ఎరిగిన ఇల్లాలు అంగడిలో మొదట చేసే పని చీరను తిరగవేసి దారాలు చూడటమే. ఆ అవకాశం తెరమీద లేకపోతే ఆమె కొనదు, లేదా కొని తిప్పి పంపుతుంది.

రెండు వేళ్ళతో చిత్రాన్ని సాగదీసినపుడు జరీ పోగు స్పష్టంగా కనిపించాలి. కొన్ని థీమ్‌లలో మౌస్ ఆనించినపుడు మాత్రమే చిత్రం పెద్దదవుతుంది. ఫోనులో మౌస్ ఉండదు గనుక అది ఉండీ లేనట్లే.

మరమగ్గంపై ఒకే డిజైను పలు రంగులలో వస్తుంది. రంగుల చుక్కలలో ఒకదానిని తాకగానే చిత్రం, నిల్వ, ధర మూడూ మారుతున్నాయా అన్నది చూసుకోవాలి. ఆకుపచ్చను ఎంచుకున్నా తెరపై ఎర్రచీరనే నిలిపి ఉంచే థీమ్ వలన వచ్చే తగవు చిన్నది కాదు. ఇక కొలతల వరుసను, అనగా చిన్నది, మధ్యస్థం, పెద్దది అనే గడులను పూర్తిగా తీసివేయగలగాలి. వాటి స్థానంలో నూలు రకం, జరీ రకం, పొడవు, రవికె గుడ్డ ఉన్నదీ లేనిదీ, బరువు, ఉతికే విధానం తెలిపే పట్టిక ధరకు దగ్గరలోనే కనిపించాలి. చాలా థీమ్‌లు ఈ వివరాలను అడుగున, ఒక మూసిన అర వెనుక దాచుతాయి. పట్టుచీరల విషయంలో ఇది పెద్ద లోపమే.

నేత రకం చెప్పడంలో దాపరికం తగదు

కొన్ని థీమ్‌లు నమూనాతోపాటు చేతితో చేసినది, చేనేత, సహజమైనది వంటి ముద్రలను కూడా ఇస్తాయి. వాటిని తొలగించక అంగడి తెరిస్తే, మరమగ్గం చీరకు చేనేత ముద్ర పడుతుంది. 1985 నాటి చేనేత రిజర్వేషన్ చట్టం క్రింద నిర్ణీత లక్షణాలు గల చీరలతో సహా 11 రకాల వస్త్రాలు చేనేతకే కేటాయించబడి ఉన్నాయి. చేనేత గుర్తు పథకం 2006లో, పట్టు స్వచ్ఛతను తెలిపే సిల్క్ మార్క్ 2004లో ఆరంభమయ్యాయి. సిల్క్ మార్క్‌ను అనుమతి పొందినవారే వాడాలి. అట్లే ధర్మవరం, మొళకాల్మూరు పేర్లకు భౌగోళిక గుర్తింపు రక్షణ ఉన్నది. దొడ్డబళ్ళాపురంలో నేసినదానిని ఆ పేర్లతో అమ్మడం ధర్మవరపు నేతగాని కూడు లాక్కోవడమే అవుతుంది. మరమగ్గం చీర అని నేరుగా వ్రాసుకోవడంలో చిన్నతనం ఏమీ లేదు. ధర అందుబాటులో ఉండటానికి కారణం అదేనని కూడా ఆ పట్టికలోనే చెప్పవచ్చును.

ఫోనులో, పల్లె సిగ్నలులో

మడకశిర, లేపాక్షి, గౌరిబిదనూరు పరిసర గ్రామాలలోని కొనుగోలుదారు కంప్యూటరు ముందు కూర్చోరు. తక్కువ ధర ఫోనులో, ఒకటి రెండు గీతల సిగ్నలులో అంగడిని తెరుస్తారు. వేగాన్ని కొలవడానికి గూగుల్ సంస్థ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే సాధనాన్ని ఉచితంగా అందిస్తున్నది. అది చూపే కొలతలలో మూడు ముఖ్యమైనవి. పేజీలోని అతిపెద్ద అంశం 2.5 సెకన్లలోపు కనిపించాలి. 4 సెకన్లు దాటితే నాసిరకం. తాకిన తరువాత తెర 200 మిల్లీసెకన్లలోపు స్పందించాలి. 2024 మార్చి నుండి ఈ కొలత అమలులో ఉన్నది. మూడవది పేజీ కుదుపు, అది 0.1కి మించరాదు. కుదుపు అంటే ఆలస్యంగా వచ్చిన చిత్రం అక్షరాలను క్రిందికి నెట్టడం. ఒకటి తాకబోతే మరొకటి నొక్కుకోవడం దీని ఫలితం.

వేగానికి మొదటి శత్రువు పేజీ పైభాగాన వరుసగా కదలే పెద్ద చిత్రాలు. థీమ్ కొనేవారిని ఆకర్షించేది కూడా అవే. మూడవ, నాలుగవ చిత్రం వరకు ఓపికగా చూసే కొనుగోలుదారు అరుదు గనుక ఒకే నిలకడ చిత్రం మేలు. థీమ్‌తోపాటు తప్పనిసరిగా అంటగట్టే ప్లగిన్ల సంఖ్యను కూడా లెక్కించాలి. పేజీలు కూర్చే భారీ ప్లగిన్ లేనిదే నిలబడని థీమ్‌కు ఇద్దరు యజమానులు ఉన్నట్లే. ఏ ఒక్కరు పని మానినా అంగడి కుంటుతుంది.

అక్షరాల సంగతి

ఇంగ్లీషు అక్షరాల కోసం రూపొందిన థీమ్ తెలుగును ఎట్లా చూపుతుందో ముందే పరీక్షించాలి. ఇందుకు ‘వస్త్రం’, ‘లక్ష్మి’, ‘రాష్ట్రం’, ‘జ్యోత్స్న’ అనే మాటలను శీర్షికలోనూ, ధర గడిలోనూ, బొత్తం మీదా వ్రాసి చూస్తే చాలు. పంక్తుల మధ్య ఎడం తక్కువైతే వత్తుల అడుగులు తెగుతాయి. కన్నడానికీ ఇదే చిక్కు. గూగుల్ ఉచిత ఫాంట్లలో నోటో సాన్స్ తెలుగు చదువుకునే పాఠానికి అనువైనది. అష్టదిగ్గజాల పేర్లు పెట్టుకున్న పెద్దన, తిమ్మన, ధూర్జటి, మల్లన్న, రామభద్ర ఫాంట్లు కూడా అక్కడే దొరుకుతాయి. శీర్షికలకు అవి శోభనిస్తాయి. తెల్లని నేపథ్యంపై లేత బూడిద రంగు అక్షరాలు నేటి థీమ్‌లలో మోజు. ఎండలో ఫోను పట్టుకున్న వృద్ధురాలికి అవి కనిపించవు. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం సాధారణ పాఠానికి, నేపథ్యానికి మధ్య కనీసం 4.5:1 నిష్పత్తిలో కాంతిభేదం ఉండాలి. బొత్తాలపై మాటలను అనువదించే వీలు లేకపోతే, చీర వర్ణన తెలుగులో ఉండి ‘కొనండి’ అనవలసిన చోట ఇంగ్లీషు మిగులుతుంది.

సరిహద్దు దాటే చిరునామా

విదేశీ థీమ్‌లలోని చిరునామా గడులు మన ఊళ్ళకు సరిపోవు. ఇంటిపేరు, అపార్ట్‌మెంటు సంఖ్య తప్పనిసరి అంటాయి. ఇంటిపేరును ఒక్క అక్షరంగా పేరు ముందు పెట్టుకొనే వారికి, ఇంటి నంబరు లేని పల్లెవారికి అక్కడే దారి మూసుకుపోతుంది. కర్ణాటకలో గ్రామం, హోబళి, తాలూకా. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామం, మండలం, జిల్లా. హిందూపురం 2022 ఏప్రిల్ నుండి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉన్నది గాని పాత అలవాటుగా అనంతపురం అని వ్రాసేవారు ఇంకా ఉన్నారు. కనుక గడుల పేర్లు మార్చుకునే వీలు, ‘దగ్గరి గుర్తు’ అనే గడి, పిన్‌కోడ్ ఇస్తే రాష్ట్రం దానంతట అదే నిండే ఏర్పాటు ఉండటం మంచిది.

దొడ్డబళ్ళాపురం చీర గౌరిబిదనూరుకు వెళితే 5 శాతం జి.ఎస్.టి. కేంద్రానికీ, రాష్ట్రానికీ చెరి సగంగా రసీదులో చూపాలి. అదే చీర కొద్ది దూరం ముందుకు సాగి హిందూపురం చేరితే మొత్తం 5 శాతం అంతర్రాష్ట్ర పన్నుగా చూపాలి. లెక్క చేసేది వేదిక. దానిని బుట్ట పేజీలోనూ, రసీదులోనూ స్పష్టంగా చూపవలసినది థీమ్. రాష్ట్రం దాటి సరుకు అమ్మేవారికి జి.ఎస్.టి. నమోదు సాధారణంగా తప్పనిసరి అన్న సంగతిని ఆడిటరుతో ముందే మాట్లాడుకోవాలి. చెల్లింపు పేజీలో యు.పి.ఐ. మొదటి వరుసలో కనిపించాలి. 2016లో వచ్చిన ఈ పద్ధతి పల్లెలకు కార్డుల కంటే ఎక్కువ పరిచయం.

తొందరపెట్టే గడియారాలు

‘ఇంకా 9 నిమిషాలే’ అని వెనక్కు తిరిగే గడియారం, ‘ఇప్పుడే హైదరాబాదులో ఒకరు కొన్నారు’ అని మెరిసే చీటీ థీమ్‌లలో గొప్ప సౌకర్యాలుగా ప్రచారమవుతాయి. నిల్వ లేని తొందరను కల్పించడం 2023 నవంబరు 30న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం నిషిద్ధం. అందులో పేర్కొన్న 13 మోసపు పద్ధతులలో అడగని వస్తువును బుట్టలో చేర్చడం, అసలు ఖర్చును చివరి మెట్టున బయటపెట్టడం కూడా ఉన్నాయి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అంగడి పేరు, చిరునామా, ఫిర్యాదుల అధికారి వివరాలు, వాపసు షరతులు కనిపించే చోట ఉండాలి. ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, నెలలోపు పరిష్కరించాలి. సమ్మతి గడిలో ముందే టిక్కు పెట్టి ఉంచరాదు. థీమ్ అడుగుభాగంలో ఈ వివరాలకు చోటున్నదా, టిక్కు తొలగించవచ్చునా, గడియారం ఆపవచ్చునా అన్నవి కొనేముందే అడగవలసిన ప్రశ్నలు. థీమ్ చేసినవారు విదేశంలో ఉన్నా జవాబు చెప్పుకోవలసినది అంగడి యజమానే.

ధర, దొంగ ప్రతులు

షాపిఫై థీమ్ అంగడిలోని ధర గల థీమ్‌లను సైతం సొంత సరుకుతో ప్రయత్నించి, ప్రచురించే ముందు మాత్రమే డబ్బు చెల్లించవచ్చును. 2021లో వచ్చిన డాన్ ఉచితం. వూకామర్స్‌కు స్టోర్‌ఫ్రంట్ అనే ఉచిత థీమ్ 2014 నుండి ఉన్నది. సాదాగా ఉన్నప్పటికీ ఇతర థీమ్‌లను పోల్చి చూడటానికి ఇటువంటివి మంచి కొలబద్దలు. థీమ్‌ఫారెస్ట్‌లో కొన్న సాధారణ లైసెన్సు ఒక్క అంగడికే చెల్లుతుంది. ధరతోపాటు వచ్చే సహాయం 6 నెలలు. అన్నదమ్ములు ఇద్దరూ ఒకే కొనుగోలుతో రెండు అంగళ్ళు నడపడం కుదరదు.

ఖరీదైన థీమ్‌ను ఉచితంగా ఇస్తామనే దొంగ ప్రతుల జోలికి అసలే పోరాదు. వాటిలో దాగిన రహస్య కోడ్ చెల్లింపు పేజీని వేరే చోటికి మళ్ళించగలదు, కొనుగోలుదారుల ఫోను నంబర్లను దొంగిలించగలదు. అసలు ప్రతిలో కూడా చివరి సవరణ తేదీ చూడాలి. ఏడాదిగా సవరణ లేని థీమ్‌ను అనుమానించడమే మంచిది. వూకామర్స్‌లోని స్థితి పేజీ కాలం చెల్లిన థీమ్ ఫైళ్ళను పేరుపేరునా చూపుతుంది.

నడుస్తున్న అంగడికి థీమ్ మార్చదలచినవారు పాతదానిని తొలగించక, కొత్తదానిని ముందుచూపులో ఉంచి, ఇంటివారితోనూ, ఇరుగుపొరుగుతోనూ వేర్వేరు ఫోన్లలో నిజంగా ఒక్కొక్క చీర కొనిపించి చూడాలి. పూర్తి ప్రతిని వేరుగా భద్రపరచుకోవాలి. శ్రావణంలో వరలక్ష్మీ వ్రతం మొదలు దసరా, దీపావళి వరకు చీరల అమ్మకాల కాలం గనుక ఆ రోజులలో థీమ్ ముట్టుకోరాదు. పెళ్ళిళ్ళు లేని ఆషాఢం తొలివారంలో మార్చితే, వ్రతానికి ముందు లోపాలు సరిదిద్దుకోవడానికి ఐదారు వారాల వ్యవధి చిక్కుతుంది.