చంద్రకళలు: లెక్క ఒకటి, కథ ఒకటి

చంద్రోదయ వర్ణన లేనిదే మహాకావ్యం పరిపూర్ణం కాదని మన లాక్షణికులు శాసించారు. ఆ శాసనాన్ని కవులు తరతరాలుగా శిరసావహించారు. అయితే ఆ చంద్రుడు ఎందుకు పెరుగుతాడు, ఎందుకు తరుగుతాడు అన్న ప్రశ్నకు మన సమాజం రెండు సమాధానాలు చెబుతూ వచ్చింది. ఆ రెండూ ఒకే పంచాంగం నీడలో శతాబ్దాల తరబడి కలిసి బతికాయి. అదెలా సాధ్యమైందన్నదే ఇక్కడ చర్చనీయాంశం.

మొదటి సమాధానం పురాణానిది. దక్షుడు తన ఇరవై ఏడుగురు కూతుళ్లను చంద్రునికిచ్చి పెళ్లిచేశాడు. అల్లుడు రోహిణి ఒక్కదానినే ఆదరించాడు. కోపించిన మామ క్షయరోగం పట్టాలని శపించాడు. ప్రభాస తీర్థంలో మునిగి చంద్రుడు మళ్లీ వృద్ధి పొందాడు. ఈ కథ మహాభారత శల్యపర్వంలో ఉంది. దీన్ని వట్టి కట్టుకథగా తోసిపారేయడం విమర్శ కాదు. ఆ కూతుళ్లు 27 నక్షత్రాలు. చంద్రుడు నక్షత్రాల నడుమ ఒక చుట్టు తిరిగి రావడానికి పట్టేది 27 రోజుల పైచిలుకు. అంటే కథ అల్లినవాడు ఆకాశాన్ని శ్రద్ధగా గమనించినవాడే. పరిశీలన నిజం, కారణం కల్పితం.

రెండవ సమాధానం గణితానిది. క్రీస్తు పూర్వం 5వ శతాబ్దంలోనే ఏథెన్సులో అనక్సాగొరస్ చంద్రుని వెలుగు సూర్యునిదేనన్నాడు. సూర్యుడు మండే రాయి అని కూడా అన్నందుకు దైవద్రోహ నేరం మోపబడి ఆ నగరం విడిచిపోయాడు. మన దేశంలో 499లో ఆర్యభటుడు మరింత స్పష్టంగా చెప్పాడు: గోళంలో సూర్యునికి ఎదురైన సగం వెలుగు, తక్కిన సగం తన నీడలోనే చీకటి. చంద్రుడు జలమయుడని ఆయన అనుకోవడం ఆ కాలపు పరిమితి. మూలసూత్రం మాత్రం నేటికీ నిలిచే ఉంది.

దీని అర్థం ఏమిటి? గ్రహణ సమయంలో తప్ప, చంద్రునిలో సగం ఎప్పుడూ వెలుగులోనే ఉంటుంది. ఆ సగంలో ఎంత భాగం మనవైపు తిరిగి ఉందన్నదే కళ. అమావాస్యనాడు చంద్రుడు సూర్యుని దిక్కునే ఉంటాడు. వెలిగే ముఖం అటే ఉండిపోతుంది. పున్నమినాడు సూర్యునికి ఎదుటి దిక్కున ఉంటాడు. వెలిగే ముఖమంతా మనకు కనిపిస్తుంది. ఇందులో భూమి నీడకు ప్రమేయం లేదు. భూమి నీడ వల్ల కలిగేది చంద్రగ్రహణం. చంద్రుని కక్ష్య సుమారు 5 డిగ్రీలు వాలి ఉండడం వల్లనే ప్రతి పున్నమికీ గ్రహణం పట్టదు. ఇక చంద్రుడు ఒక చుట్టు తిరిగేలోగా భూమి కూడా సూర్యుని చుట్టూ ముందుకు జరుగుతుంది గనుక, అమావాస్య నుంచి అమావాస్యకు 27 కాక ఇంచుమించు 29 న్నర రోజులు పడుతుంది. పంచాంగంలోని తిథి సూర్యచంద్రుల మధ్య 12 డిగ్రీల ఎడం తప్ప మరేమీ కాదు. శాపం మీద నమ్మకమున్న సిద్ధాంతి కూడా తిథిని శాపంతో లెక్కకట్టలేదు, కోణంతోనే కట్టాడు!

మరి శాపం ఎందుకు నిలిచింది? 6వ శతాబ్దంలో వరాహమిహిరుడు బృహత్సంహితలో కళలకు సరైన కారణమే చెప్పాడు. ఎండలో పెట్టిన కుండతో పోల్చి చూపాడు. అదే అధ్యాయంలో చంద్రుని కొమ్ముల తీరును బట్టి శుభాశుభ ఫలాలూ చెప్పాడు. 628లో బ్రహ్మగుప్తుడు ఇంకా ముందుకు, కాదు, వెనక్కు పోయాడు. గ్రహణాన్ని నీడల లెక్కతోనే గణించాడు. రాహువు కారణం కాదన్నవారిని మాత్రం వేదస్మృతులకు విరుద్ధమని ఖండించాడు. 1030 ప్రాంతంలో భారతదేశాన్ని గురించి రాసిన అల్‌బిరూనీ ఈ వైరుధ్యాన్ని పట్టుకున్నాడు. ఇంతటి జ్ఞాని మనస్సాక్షికి విరుద్ధంగా ఇలా పలికాడంటే, సోక్రటీసుకు పట్టినటువంటి గతి ఏదో ఈయననూ వెంటాడి ఉంటుందని ఊహించాడు.

గణితం కొద్దిమంది చేతుల్లో, సంస్కృతంలో ఉండిపోయింది. కథ అందరికీ పంచబడింది. అలా పంచుకున్నంత కాలం రెండింటికీ ఘర్షణ రాలేదు. పున్నమికీ అమావాస్యకూ సముద్రం ఎక్కువ పోటెత్తుతుందని తెలిసి పడవ దించిన బెస్తవానికి ఆ కారణం చెప్పినవారు లేరు. అతని అనుభవాన్ని శాస్త్రంగా గుర్తించినవారూ లేరు.

ఈనాడు మరో ధోరణి బలపడుతోంది. శాస్త్రమంతా పురాణాల్లోనే ఉందనే వాదం అది. దీనివల్ల ఆర్యభటునికి గౌరవం పెరగదు, తరుగుతుంది. ఆయన కథను తిరిగి చెప్పలేదు. కథ చాలదని తెలుసుకుని లెక్క కట్టాడు.

రచయితలకు ఇందులో ఒక చిన్న బాధ్యత, ఒక పెద్ద బాధ్యత ఉన్నాయి. శుక్లపక్షపు నెలవంక సాయంత్రం పడమట కనిపించి త్వరలోనే అస్తమిస్తుంది. కృష్ణపక్షపు వంక తెల్లవారుజామున తూర్పున పొడుస్తుంది. అర్ధరాత్రి నడినెత్తిన నెలవంకను నిలిపే కథకుడు ఆకాశాన్ని చూడనివాడు. ఇది చిన్నది. దక్షుని కథను కవిత్వంగా ప్రేమించవచ్చు, కారణంగా అంగీకరించనక్కరలేదు. ఆ తేడా తెలిసి కూడా, పెద్దల మెప్పు కోసమో భయం వల్లనో చెప్పకుండా ఊరుకోకపోవడం పెద్దది. బ్రహ్మగుప్తునికి లెక్క తెలియక కాదు తలవంచింది.