నాయకుడు లేనినాటి పరీక్ష

ఫుట్‌బాల్ జట్టు ముఖ్యశిక్షకుని గొప్పతనమును లోకము అతడు గెలిపించిన కప్పులతో కొలుచునే గాని, ప్రక్కనే బెంచీపై కూర్చుండి, అతని మాటను, మౌనమును గమనించుచు, రేపు తానే ఆ స్థానమున నిలువవలసిన సహాయకునిపై అతడు వేసిన ముద్ర యెట్టిదో విచారించువారు అరుదు. ఆ ముద్ర రెండు విధములు. గురువు నిలిచినట్లు నిలుచుట, అరచినట్లు అరచుట మొదటిది. ఇట్టి పట్టున గురువు దేనిని చూచియుండును, దేనిని విడిచియుండును అని తన్ను తాను ప్రశ్నించుకొనగల వివేకము రెండవది. మొదటిది రెండాటలలో వెలిసిపోవును. రెండవది తరములు దాటును.

హైదరాబాదువారికి ఈ సంగతి తెలియనిది కాదు. 1943 నుండి సిటీ పోలీసు జట్టును, 1950 నుండి భారత జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం బడిపంతులుగా పనిచేసినవాడు. 1951లో ఢిల్లీయందును, 1962లో జకార్తాయందును ఆసియా క్రీడల స్వర్ణములు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానము ఆయన శిక్షణలో లభించినవే. జకార్తాలో తలకు కుట్లు పడిన జర్నైల్ సింగును, రక్షణపంక్తివాడైనను, ఆయన ముందు వరుసకు పంపగా, దక్షిణ కొరియాతో జరిగిన తుదిపోరులో అతడొక గోలు కొట్టెను, మరియొకటి పి.కె. బెనర్జీది. ఆ బెనర్జీయే అనంతరము శిక్షకుడై, 1970లో బ్యాంకాకున కాంస్యము గెలిచిన జట్టును నడిపినవారిలో ఒకడయ్యెను. కాని రహీం 1963 జూన్‌లోనే కన్నుమూసెను. బెనర్జీ శిక్షకుడగునాటికి సందేహ మడుగుటకు గురువు లేడు. ఆసియా క్రీడలలో మనకు మరల ఫుట్‌బాల్ స్వర్ణము దక్కనేలేదు. దానికి కారణములు పెక్కు. అయినను ఆట నేర్పుట యొకటి, ఆటను నడుపు భారమును తాను బ్రతికియుండగనే శిష్యుని భుజముపై పెట్టుట మరియొకటి యని నాకు తోచును.

ఈ రెండవ విద్య సాగిన తీరు చూడగోరువారు నేను కాపురమున్న సూరతు సీమ చరిత్రను చదువవలెను. తెలుగునాట సూరతనగానే చీరలు, వజ్రములు, మన పద్మశాలీలు బ్రతుకుతెరువు వెదకుకొనిన మరమగ్గములు స్ఫురించును. ఇచటికి గంట ప్రయాణములోనున్న బార్డోలీ పాఠ్యపుస్తకములో ఒక పేరుగా మాత్రమే మిగిలినది.

బార్డోలీ కథకు పునాది వేరొకచోట పడినది. 1918లో ఖేడా జిల్లాలో పంటలు పోయినను శిస్తు వసూలు మానని ప్రభుత్వమును గాంధీజీ ఎదిరించినపుడు, అహమ్మదాబాదున పేరుపడిన బారిస్టరు వల్లభభాయి పటేలు ఆయనకు సహాయకుడుగా వచ్చి, దొరల దుస్తులు విడిచి, పల్లెపల్లె తిరిగి, రైతు భయము ఎచట పుట్టునో, ఎచట అణగునో కనిపెట్టెను. 1923లో బోర్సదు ప్రజలపై అదనపు పోలీసుల ఖర్చు పేర దండుగపన్ను వేసిననాడు గాంధీజీ ఎరవాడ చెరలో నుండెను. సహాయకుడే నాయకుడై, దానిని రద్దు చేయించెను.

1922లో బార్డోలీయందు తలపెట్టిన శాసనోల్లంఘనము చౌరీచౌరా దుర్ఘటనతో ఆగిపోయిన కథ, అదే కాలమున పర్వతనేని వీరయ్యచౌదరి వెంట నడచి పన్నులు నిరాకరించిన పెదనందిపాడు సీమవారికి నేను చెప్పనక్కరలేదు. ఆరేండ్ల పిమ్మట అదే తాలూకాలో ప్రభుత్వము శిస్తును సుమారు 22 శాతము పెంచగా, 1928 ఫిబ్రవరి 12న పటేలు నాయకత్వమున సత్యాగ్రహ మారంభమయ్యెను. ఆయన తాలూకాను శిబిరములుగా విభజించి, ఒక్కొక్కదానిని ఒక్కొక్క అనుచరునికి అప్పగించి, ప్రచారమును జుగత్‌రామ్ దవేకును, స్త్రీలను కూడగట్టు పనిని మీఠూబెన్ పేటిట్, భక్తిబా దేశాయి, తన కుమార్తె మణిబెన్ మొదలగువారికిని ఇచ్చెను. జప్తు ఉద్యోగులు పొలిమేర చేరగనే డోలు మ్రోగును, శంఖ మూదుదురు, ఇంటింట తలుపులు బిగియును. మనుష్యులతోబాటు గేదెలును లోపలనే బందీలై, నెలలతరబడి ఎండ యెరుగక, వాని నల్లని మేనులు వెలవెలబోయెనని చెప్పుదురు.

ఇంత జరుగుచున్నను గాంధీజీ పత్రికలలో వ్రాయుచు దూరమున నుండెనే గాని, వచ్చి పగ్గములు చేపట్టలేదు. పటేలును నిర్బంధింతురను వదంతి బలపడిన పిమ్మట, ఆగస్టు 2న బార్డోలీ చేరెను. చేరియు నాయకత్వమును వల్లభభాయి చేతనే ఉండనిచ్చెను. 6వ తేదీకి రాజీ కుదిరెను, అనంతరము జరిగిన విచారణలో పెంపు 6 శాతమునకు దిగెను, పటేలు సర్దారయ్యెను. మగ్గము నేర్చు కుర్రవాని ప్రక్కనుండి, పోగు తెగినప్పుడెల్ల చేయి చాపి తానే అతుకు మేస్త్రీ మంచివాడనిపించుకొనును గాని, ఆ కుర్రవానికి పని యెన్నటికిని రాదు. గురువు చేయి చాపకుండుటచేతనే వల్లభభాయికి తనదైన బాణీ యేర్పడెను. గాంధీజీ మాటలో ఆత్మశోధన మిన్న. పటేలు మాటలో పొలముగట్టున వినవచ్చు పరుషపరిహాసమును, పనిని పంచిపెట్టు కఠినమైన లెక్కయును మిన్న. పద్ధతి యొక్కటే, కంఠములు వేరు.

1930లో ఈ విద్యకు కఠినతరమైన పరీక్ష వచ్చెను. దండియాత్రకు ముందే, మార్చి 7న, పటేలును రాస్ గ్రామమున నిర్బంధించిరి. ఏప్రిల్ 6న నాటి సూరతు జిల్లాలోని దండిలో ఉప్పు చేతికెత్తుకొనిన గాంధీజీని మే 5న అర్ధరాత్రి కొనిపోయిరి. ఆయన స్థానమున నిలిచిన వృద్ధుడు అబ్బాస్ త్యాబ్జీని వారము దినములకే పట్టుకొనిరి. ఆ మీదట ధరాసనా ఉప్పుకొటారులపైకి మే 21న సత్యాగ్రహులను నడిపినది హైదరాబాదున పుట్టి పెరిగిన సరోజినీ నాయుడు. లాఠీలు తలలపై పడుచుండ, వరుస వెనుక వరుస చేయెత్తక ముందునకు సాగెను. ఒకరి వెనుక ఒకరుగా నాయకులు తొలగిపోయినను వ్యూహము చెదరలేదు.

మన ఊళ్ల జట్లలో, పాఠశాలలలో, సూరతులోని మన తెలుగు సంఘములలో సైతము, పదవిలో నున్నవాడు సహాయకుని సంచులు మోయుటకే వాడుకొని, తాను తప్పుకొనిన దినమున తగినవాడు దొరకలేదని వాపోవుట తరచు వినవచ్చును. అట్టివారికి నా మనవి యొక్కటే: గెలుపోటములు నిజముగా తేలు ఆట నొకదానిని, మీరు మైదానము వెలుపల నిలిచి, అతనికి విడిచిపెట్టుడు. అతడు మీరెన్నడును తీసికొనని నిర్ణయ మొకటి తీసికొని నెగ్గినచో, మీ శిక్షణ ఫలించినదని నమ్మవచ్చును.