గట్టు ఒక్కటే.. రాజధానులు ఐదు

భద్రాచలం: గోదావరి ఎడమ గట్టున, మన్యం అంచున వెలసిన ఈ పట్టణానికి సముద్రం లేదు. అయినా ఒకప్పుడు సముద్రతీర రాజధాని మద్రాసు ఏలుబడిలో దశాబ్దాల పాటు మనుగడ సాగించింది. అంతకు ముందు నాగపూర్‌ను, ఆ వెనుక గోల్కొండను ఆశ్రయించింది. ఏలే నగరం మారిన ప్రతిసారీ ఈ గట్టు మీద బతుకు కొత్త కచేరీని వెతుక్కోవలసి వచ్చింది. భద్రాద్రి స్వభావాన్ని తెలుసుకోగోరేవారు రామాలయంతో పాటు ఈ రాజధానుల వరుసను కూడా గుర్తుంచుకోవాలి.

గోల్కొండ కాలం అందరికీ తెలిసినదే. 17వ శతాబ్దిలో తానీషా హయాంలో పాల్వంచ పరగణాకు తహసీల్దారుగా వచ్చిన కంచర్ల గోపన్న, ప్రభుత్వ శిస్తు సొమ్ముతో ఆలయాన్ని నిర్మించి గోల్కొండ చెరసాల పాలయ్యారు. ఆయనే భక్త రామదాసు. అయితే గోపన్నకు ముందే భద్రగిరి మీద పుట్టలో స్వామిని కనుగొని, తాటాకు పందిరి వేసి, పండ్లు నివేదించినది పోకల దమ్మక్క అనే గిరిజన స్త్రీ అని స్థల పురాణం చెబుతోంది. గోపన్నకు దక్కిన ప్రచారంలో దమ్మక్కకు దక్కినది స్వల్పమే. ఊరి పుట్టుక మాత్రం ఆమె పందిరి కిందనే జరిగింది.

నిజాం నుంచి 1860లో ఈ ప్రాంతం ఆంగ్లేయుల పరమైంది. తదుపరి ఏర్పడిన మధ్య పరగణాలలో, సిరోంచ కేంద్రంగా ఉన్న ఎగువ గోదావరి జిల్లాలో చేరింది. గోదావరిపై నౌకాయానాన్ని ఎగువకు విస్తరింపజేయాలన్న తలంపుతో దుమ్ముగూడెం వద్ద ఆనకట్ట కట్టినది ఆ రోజులలోనే. ఆ పథకం 1871లో ఆగిపోయింది. 1874లో భద్రాచలం, రేకపల్లి తాలూకాలు మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాకు బదిలీ అయ్యాయి. అప్పటి నుంచి పై కోర్టు, పెద్ద చదువు, పెద్ద ఉద్యోగం అన్నీ మద్రాసులోనే. ఇక్కడి నుంచి నదిలో పాపికొండల మీదుగా రాజమండ్రికి, అక్కడి నుంచి రైలులో సముద్రపు ఒడ్డుకు ప్రయాణం. నేటికీ ఈ ఊరి పాత కుటుంబాల బంధుత్వాలు ఖమ్మం వైపు కన్నా రాజమండ్రి వైపే ఎక్కువగా కనిపించడానికి కారణం ఇదే.

1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడగా కర్నూలు, 1956లో హైదరాబాదు రాజధానులయ్యాయి. 1959లో భద్రాచలం, నూగూరు వెంకటాపురం తాలూకాలను తూర్పు గోదావరి నుంచి విడదీసి ఖమ్మం జిల్లాలో కలిపారు. 1965లో గోదావరిపై వంతెన ప్రారంభం కావడంతో ఊరి ముఖం పూర్తిగా ఆవలి గట్టు వైపు తిరిగింది. రెండో వంతెన 2024లో అందుబాటులోకి వచ్చింది. రైలు మాత్రం నేటికీ ఊరిదాకా రాలేదు. ‘భద్రాచలం రోడ్డు’ అనే స్టేషను నలభై కిలోమీటర్ల దూరాన కొత్తగూడెంలో ఉంది. పేరు చూసి దిగిన యాత్రికులు స్వామి ఎక్కడని అడగడం స్థానికులకు నిత్యకృత్యం.

ఇక నది విషయం. ఎగువన ప్రాణహిత, ఇంద్రావతి తెచ్చే నీరంతా ఈ గట్టును ఒరుసుకుంటూ పోవలసిందే. దిగువన కూనవరం వద్ద శబరి కలుస్తుంది. శబరి పొంగి ఉంటే గోదావరి ముందుకు సాగక ఇక్కడ ఎగదన్నుతుంది. నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది జారీ చేస్తారు. 1986 ఆగస్టులో 75.6 అడుగులు నమోదైంది. ఆ వరద తరువాతనే పట్టణానికి కరకట్ట రక్షణగా వచ్చింది. 2022 జులైలో 71.3 అడుగులకు చేరినప్పుడు వంతెనపై రాకపోకలు నిలిపివేసి, లోతట్టు కాలనీలను ఖాళీ చేయించారు. కరకట్టతో మరో చిక్కు కూడా ఉంది. నది పొంగగానే స్లూయిస్‌ల తలుపులు మూస్తారు. అప్పుడు ఊరిలో కురిసిన వాన బయటకు పోయే దారి ఉండదు. నది రాకముందే ఆలయ పరిసరాలు మునగడం అందుకే. పోలవరం వెనుక జలాలు ఈ మట్టాన్ని ఎంత పెంచగలవన్న దానిపై రెండు రాష్ట్రాల మధ్య వాదన నడుస్తోంది.

చైత్ర శుద్ధ నవమి నాడు మిథిలా స్టేడియంలో జరిగే కల్యాణం ఊరికి ఏడాదికంతటికీ పండుగ. ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు సమర్పించడం తానీషా నాటి ఆచారమని చెబుతారు. ఇక్కడి తలంబ్రాలలో గులాలు కలిపే పద్ధతికీ అదే మూలమంటారు. వడ్లను గోటితో ఒలిచి, ఆ బియ్యాన్ని కోరుకొండ ప్రాంత భక్తులు భక్తితో తీసుకువస్తారు. రాష్ట్రం వేరుపడినా ఈ రాక ఆగలేదు. ముక్కోటికి హంస వాహనంపై తెప్పోత్సవం, మరునాడు ఉత్తర ద్వార దర్శనం జరుగుతాయి.

కొండ మీది వైభవం ఒక ఎత్తు, కింది సంత మరో ఎత్తు. తునికాకు, ఇప్పపువ్వు, చింతపండుతో దిగివచ్చే కోయలు, కొండరెడ్లు లేనిదే ఈ ఊరి వర్తకం సాగదు. విత్తనాలకు ముందు భూమి పండుగ జరుపుకొనే కోయలకు రాముని కన్నా నేల తల్లి దగ్గరిది. సుక్మా, మల్కనగిరి వైపు నుంచి కూడా రోగులు ఇక్కడి ప్రభుత్వ ఏరియా ఆసుపత్రికే వస్తారు. మూడు రాష్ట్రాల అడవికి ఈ పట్టణమే పట్నం. 2011 లెక్కల ప్రకారం జనాభా 50 వేలకు పైనే. అయినా షెడ్యూల్డు ప్రాంతం కావడంతో పాలన గ్రామ పంచాయతీదే.

2014లో పోలవరం నిమిత్తం ముంపు మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపినప్పుడు భద్రాచలం పట్టణం తెలంగాణలో, దాని చుట్టూ ఉన్న పల్లెలు ఆవల మిగిలాయి. ఏటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు పంచాయతీలను తిరిగి ఇవ్వాలన్న కోరిక నాటి నుంచీ వినిపిస్తూనే ఉంది. స్వామివారి మాన్యంలో ముఖ్యభాగమైన సుమారు 889 ఎకరాలు పురుషోత్తపట్నంలోనే ఉన్నాయి. దేవుడు ఒక రాష్ట్రంలో, ఆయన పొలం మరో రాష్ట్రంలో. ఆక్రమణలపై ఆలయ సిబ్బంది వెళ్లి అడగాలన్నా పొరుగు రాష్ట్రపు అధికారుల తోడు కావాలి. పట్టణానికి చెత్త పారబోసేందుకు కూడా చాలినంత స్థలం మిగలలేదు. 2016లో జిల్లా కేంద్రం కొత్తగూడెమైంది. ఆవలి ఏటపాక 2022లో పాడేరు కేంద్రంగా ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరింది. చర్ల, దుమ్ముగూడెం వెళ్లే బస్సు భద్రాచలం దాటిన కాసేపటికే పొరుగు రాష్ట్రంలోకి ప్రవేశించి, కొన్ని ఊళ్ల తరువాత మళ్లీ సొంత రాష్ట్రానికి వస్తుంది. పర్ణశాల చూడబోయే యాత్రికులలో అత్యధికులు సరిహద్దును రెండుసార్లు దాటిన సంగతి గమనించనే గమనించరు.