మౌంటు గీసిన గీత: కంపెనీ లెన్సుకూ బయటి లెన్సుకూ మధ్య తొంభై ఏళ్లు

కెనాన్ బాడీకి నికాన్ లెన్సు బిగిస్తానంటే ఇవాళ కోరుట్లలో పెండ్లి ఫొటోలు తీసే కుర్రాడు కూడా నవ్వుతాడు. కానీ 1936లో మార్కెట్లోకి వచ్చిన హంసా కెనాన్ కెమెరాకు ఉన్నది నిక్కోర్ లెన్సే. సీకీ కోగాకు అనే చిన్న సంస్థ ఆ కెమెరా తయారుచేసింది. డబ్బా చేయడం వాళ్లకు వచ్చు, లెన్సు చేయడం రాదు. అందుకని లెన్సునూ, అది కూర్చునే మౌంటునూ, వ్యూఫైండర్ అద్దాలనూ నిప్పాన్ కోగాకు అనే మరో కంపెనీ నుంచి తెచ్చుకున్నారు. సీకీ కోగాకు తర్వాత కెనాన్ అయింది, నిప్పాన్ కోగాకు నికాన్ అయింది. అంటే కెనాన్ సంసారం మొదలైందే బయటి లెన్సుతో.

జగిత్యాలలోనో సిరిసిల్లలోనో కొత్తగా కెమెరా కొన్న పిల్లలు ఫొటో స్టూడియోకు పోయి అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "అన్నా, కంపెనీ లెన్సు తీసుకోమంటవా, సిగ్మా తీసుకోమంటవా?" అన్న చెప్పే జవాబు సాధారణంగా జేబును బట్టి ఉంటుంది. పైసలుంటే కంపెనీది, లేకుంటే బయటిది. కంపెనీ పేరున్న గాజు మేలురకం, మిగతాది దాని చౌక నకలు అన్న నమ్మకం ఈ జవాబు వెనక ఉంది. లెన్సుల చరిత్ర చూస్తే ఈ నమ్మకం నిలవదు. కంపెనీకీ బయటికీ మధ్య గీత గీసింది గాజు కాదు, మౌంటు.

మౌంటు లేని కాలంలో ఈ తేడానే లేదు. 1840లో వియన్నాలో జోసెఫ్ పెట్జ్‌వాల్ అనే గణిత ఆచార్యుడు లెక్కకట్టి ఒక పోర్ట్రెయిట్ లెన్సు రూపొందించాడు, ఫాయిట్‌లాండర్ సంస్థ దాన్ని తయారుచేసింది. అపర్చర్ ఎఫ్ 3.6 కావడంతో అంతకుముందు నిమిషాల తరబడి కదలకుండా కూర్చోవాల్సిన మనిషి కొన్ని సెకన్లు కూర్చుంటే సరిపోయింది. కెమెరా ఎవరిదైనా సరే, ముందున్న చెక్క పలకకు రంధ్రం చేసి ఆ లెన్సును బిగించుకునేవారు. రాజా దీన్‌దయాళ్ సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టి ఆరో నిజాం దర్బారును ఫొటోలు తీసిన కాలమంతా ఈ పద్ధతిదే. పెట్టె ఒకరిది, లెన్సు ఇంకొకరిది, ప్లేటు మరొకరిది. మన దేశంలోనే కేరళ అలప్పుళలో తయారై దేశమంతా స్టూడియోలకు చేరిన వాగీశ్వరి చెక్క కెమెరాకూ లెన్సు విదేశాల నుంచే వచ్చేది. నల్లగుడ్డ కప్పుకుని ఫొటో తీసే స్టూడియో యజమానిని ఇది కంపెనీ లెన్సేనా అని ఎవరూ అడిగి ఉండరు.

35 ఎంఎం రీలు కెమెరాలు వచ్చాక కూడా కొంతకాలం ఇదే నడిచింది. లైకా లెన్సులకు 39 ఎంఎం మర ఉండేది, అదే మరతో జపాన్‌లో పలు కంపెనీలు లెన్సులు చేశాయి. 1950లో లైఫ్ పత్రిక ఫొటోగ్రాఫర్ డేవిడ్ డగ్లస్ డంకన్ టోక్యోలో నిక్కోర్ లెన్సులు పరీక్షించి చూసి, తన లైకాకు అవే బిగించుకుని కొరియా యుద్ధానికి పోయాడు. ఆ ఫొటోల పదును చూసి అమెరికన్ పత్రికలు ఆశ్చర్యపోయాయి. ఆ ఏడాది డిసెంబరులో న్యూయార్క్ టైమ్స్ రాశాకే నికాన్ పేరు ప్రపంచానికి తెలిసింది. ఇవాళ బయటి లెన్సుల మీద దావాలు వేసే నికాన్‌కు పేరు తెచ్చింది జర్మన్ కెమెరా మీద బిగించిన బయటి లెన్సు.

1959లో నికాన్ ఎఫ్ వచ్చింది. దాని ఎఫ్ మౌంటు మర కాదు, గుచ్చి తిప్పితే టక్కున పట్టుకునే బయొనెట్. ఒకరి బయొనెట్ ఇంకొకరికి పట్టదు. కంపెనీ లెన్సు అన్న మాటకు బలమైన అర్థం వచ్చింది అప్పట్నుంచే. మరలు మాత్రం వెంటనే పోలేదు. 42 ఎంఎం మర ఉన్న పెంటాక్స్, ప్రాక్టికా, సోవియట్ జెనిత్‌ల మధ్య లెన్సులు హాయిగా తిరిగేవి. జెనిత్‌తో వచ్చే హీలియోస్ 44, 58 ఎంఎం ఎఫ్ 2 లెన్సు, జర్మనీ జైస్ వారి బయోటార్ నుంచి పుట్టింది. సోవియట్ వస్తువులు మనకు రూపాయి వ్యాపారంలో వచ్చిన రోజుల్లో ఆ జెనిత్‌లు ఇక్కడా కొన్ని చేతుల్లో కనబడేవి. ఇప్పుడు అదే హీలియోస్‌ను సుడులు తిరిగే బ్యాక్‌గ్రౌండ్ కోసం కొత్త పిల్లలు వెతికి మరీ కొంటున్నారు.

మన ప్రాంతానికి లెన్సులు వచ్చిన దారి మాత్రం వేరు. 1970ల నుంచి జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల పల్లెల మనుషులు దుబాయ్, మస్కట్, సౌదీ పోవడం మొదలైంది. సిరిసిల్ల పద్మశాలీలు అంతకుముందు నుంచే భీవండి, ముంబై మిల్లులు పట్టారు. విదేశీ కెమెరా మామూలుగా దిగుమతి కాని కాలం అది. దేశంలో దొరికేది బరోడాలో తయారైన ఆగ్ఫా క్లిక్ 3 లాంటి పెట్టె కెమెరా, ఊటీ హిందుస్థాన్ ఫొటో ఫిలిమ్స్ వారి ఇందు రీలు. మిగతాదంతా గల్ఫ్ సూట్‌కేసులోనో ముంబై బోరాబజార్ నుంచో రావాలి. సెలవు మీద వచ్చిన దుబాయ్ మనిషి పెట్టెలో టూ ఇన్ వన్, సెంటు సీసాలు, చీరల మధ్య ఒక యాషికా ఉండేది. ఎక్కువమంది తెచ్చింది లెన్సు మార్చలేని చిన్న ఆటోమేటిక్. ఇంకాస్త ఆశ ఉన్నవాడు యాషికా ఎఫ్‌ఎక్స్ 3 తెచ్చేవాడు. అదే ఇంట్లో పెండ్లికి, పురుడుకు, బతుకమ్మకు పనికొచ్చేది. రంగుల రీలు కడిగించడానికి మాత్రం కరీంనగర్‌కో హైదరాబాద్‌కో పంపాల్సి వచ్చేది.

ఇక్కడ ఒక సంగతి దాచిపెట్టినట్టు ఉండిపోయింది. ఎఫ్‌ఎక్స్ 3 మీద యాషికా అని రాసి ఉన్నా దాన్ని తయారుచేసింది కోసినా అనే జపాన్ కంపెనీ. 1995లో నికాన్ పేరుతో వచ్చిన ఎఫ్‌ఎం 10ను, దాంతో ఇచ్చిన 35-70 జూమ్‌ను చేసిందీ కోసినానే. ఫొటోగ్రఫీ నేర్చుకునే విద్యార్థులు చాలామంది 'ఒరిజినల్ నికాన్' అని గర్వంగా మెడలో వేసుకున్నది బయటి కంపెనీ చేసిన కెమెరానే. ఫొటోలు మాత్రం బాగానే వచ్చాయి.

గల్ఫ్ నుంచే వచ్చిన మరో పేరు వివిటార్. అదొక అమెరికన్ పేరు, సొంత ఫ్యాక్టరీ లేదు. జపాన్‌లో ఎవరితోనో చేయించుకుని తన పేరు వేసుకునేది. పాత వివిటార్ లెన్సు ఇంట్లో ఉంటే ముందు గాజు చుట్టూ ఉన్న సీరియల్ నంబరు చూడండి. 22తో మొదలైతే కినో, 28 అయితే కొమీనే, 37 అయితే టోకినా చేసినట్టు. వీటిలో కొన్ని ఆ కాలపు కంపెనీ జూమ్‌లకు ఏమాత్రం తీసిపోవు. కాకపోతే మన బీరువాల్లో ఇవి చాలావరకు పాడయ్యాయి. తోలు కేసులో పెట్టి, చీరల కింద, కలరా ఉండల పక్కన ఏళ్ల తరబడి దాచారు. తోలు తేమను పట్టి ఉంచుతుంది, గాలి ఆడదు. దీపం ముందు లెన్సు పట్టుకుని ఏటవాలుగా చూస్తే సాలెగూడు పోగుల్లా తెల్లగా ఫంగస్ కనబడుతుంది. అది కంపెనీ లెన్సునూ బయటి లెన్సునూ ఒకే తీరుగా తింటుంది.

బయటి కంపెనీల్లో టామ్రాన్ కథ అమెచ్యూర్‌కు బాగా దగ్గరిది. 1950లో మొదలైన ఈ సంస్థ 1957లో టీ మౌంటు తెచ్చింది, 1970ల్లో అడాప్టాల్ అనే పద్ధతి పెట్టింది. లెన్సు ఒకటే, వెనక రింగు మాత్రం మారుతుంది. యాషికా అమ్మేసి నికాన్ కొన్నా లెన్సు అలాగే ఉంచుకుని రింగు మార్చుకుంటే చాలు. సగటు మనిషికి ఇంతకన్నా మేలు చేసిన ఆలోచన లెన్సుల చరిత్రలో ఇంకోటి లేదని నా అభిప్రాయం. దాన్ని చంపింది ఆటోఫోకస్.

1985లో మినోల్టా 7000, 1987లో కెనాన్ ఈఓఎస్ వచ్చాయి. కెనాన్ తన పాత మౌంటును పూర్తిగా వదిలేసి, ఈఎఫ్ మౌంటులో ఇనుప లింకులేవీ లేకుండా అంతా కరెంటుతో నడిపింది. లెన్సులో ఒక చిప్పు, బాడీలో ఒక చిప్పు, రెండూ మాట్లాడుకుంటాయి. ఆ భాష కంపెనీ గుట్టు. 1961లో మొదలై అప్పటికే చౌక లెన్సులకు పేరుపడ్డ సిగ్మా ఆ మాటలను విని, పట్టుకుని, అనుకరించింది. కెనాన్ కొత్త బాడీలో కొత్త మాట ఒకటి చేర్చినప్పుడల్లా పాత సిగ్మా లెన్సు బిక్కమొహం వేసేది. రీలు కెమెరా మీద చక్కగా పనిచేసిన లెన్సు కెనాన్ డిజిటల్ కెమెరా మీద ఎర్రర్ చూపించి ఆగిపోయేది. చిప్పు మార్పించాలి, పాత మోడల్ అయితే ఆ చిప్పే దొరకదు. 'బయటిది వద్దు' అన్న మాట మన దగ్గర గట్టిగా పాతుకుపోయింది ఈ కాలంలోనే, అందులో న్యాయం ఉంది.

అలాగని కంపెనీ లెన్సు కొన్నవాడూ నిశ్చింతగా లేడు. 2006లో నికాన్ డి40 వచ్చింది. అందులో ఫోకస్ మోటారు తీసేశారు. తర్వాతి డి3000, డి5000 వరుసల్లోనూ అంతే. వాటికి నికాన్ వారి సొంత 50 ఎంఎం ఎఫ్ 1.8 డి పెడితే ఫోకస్ చేత్తో తిప్పుకోవాల్సిందే. చౌకగా వస్తుందని ఆ లెన్సు కొని, కెమెరా పాడైందనుకుని స్టూడియోకు పట్టుకొచ్చిన మనుషులు మన ఊళ్లలో తక్కువేం కాదు.

కెమెరా ఇంటింటికీ వచ్చింది ఆ దశాబ్దంలోనే. దిగుమతి ఆంక్షలు 2001 నాటికి తొలగాయి, కెమెరాతో పాటే వచ్చే కిట్ లెన్సుతో డీఎస్‌ఎల్‌ఆర్ కొంచెం పొదుపు చేస్తే అందే ధరకు దిగింది. ఆపైన వీడియో తోడైంది. 2012లో జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి మొదలైన మై విలేజ్ షో యూట్యూబ్ ఛానెల్, కొన్నేళ్లకు అందులో గంగవ్వకు వచ్చిన పేరు, పల్లెలో కెమెరా పెడితే జనం చూస్తారని తేల్చేశాయి. షార్ట్ ఫిల్మ్ తీయని కాలేజీ పిలగాడు లేడన్నట్టు అయింది. వాళ్లందరికీ ముందు కావాల్సింది చీకట్లో పనిచేసే లెన్సు.

ఎందుకో చెప్పడానికి సిరిసిల్ల సాంచాల (పవర్‌లూమ్‌ల) షెడ్డుకు మించిన చోటు లేదు. ట్యూబ్‌లైటు వెలుతురు, ఊపే యంత్రం, కండె మార్చే చేయి. కిట్ లెన్సును 55 ఎంఎం దాకా లాగితే అపర్చర్ ఎఫ్ 5.6. ఐఎస్‌ఓ 1600 పెట్టినా షటర్ సెకనులో 30వ వంతు దగ్గర నిలిచిందనుకుందాం, చేయి మసకగా వస్తుంది. ఎఫ్ 2.8 లెన్సు నాలుగింతల వెలుతురు ఇస్తుంది, షటర్ 125కు పోతుంది. ఎఫ్ 1.8 అయితే దాదాపు పదింతలు, షటర్ 300 దాకా వస్తుంది, చేయి ఆగుతుంది. కానీ 50 ఎంఎం లెన్సు చిన్న సెన్సర్ కెమెరా మీద 75, 80 ఎంఎంలా చూపిస్తుంది. సాంచాకూ సాంచాకూ మధ్య సందులో వెనక్కి జరగడానికి జాగా ఎక్కడ? అక్కడ కావాల్సింది వెడల్పుగా చూసే ఎఫ్ 2.8 జూమ్. పైగా షెడ్డు గాలిలో నూలు పీచు తేలుతూ ఉంటుంది, ముందుకు సాగే జూమ్ ఏదైనా ఆ పీచును లోపలికి పీలుస్తుంది.

కెనాన్ 2006లో అలాంటి 17-55 ఎఫ్ 2.8 తెచ్చింది, సామాన్యుడికి అందని ధర. అదే ఏడాది టామ్రాన్ 17-50 ఎఫ్ 2.8ను దాదాపు సగానికే ఇచ్చింది. ఫోకస్ మోటారు గరగరమనేది, వణుకు ఆపే ఏర్పాటు లేదు. నికాన్ మౌంటులో మొదట మోటారే లేదు, తర్వాత చేర్చారు. అయినా గాజు పదునులో తేడా చూపించమంటే చాలామంది తడబడేవారు. ఇక సిగ్మా 2012లో ఆర్ట్ వరుసను 35 ఎంఎం ఎఫ్ 1.4తో మొదలుపెట్టింది. లెన్సు సాఫ్ట్‌వేర్‌ను ఇంట్లోనే మార్చుకునే యూఎస్‌బీ డాక్ కూడా ఇచ్చి, చిప్పుల గోల చాలావరకు తీర్చింది. 2013లో వచ్చిన 18-35 జూమ్ ఆసాంతం ఎఫ్ 1.8. అలాంటిది అప్పటికి ఏ కెమెరా కంపెనీ దగ్గరా లేదు. చౌకకు మారుపేరుగా ఉన్న కంపెనీ దగ్గర కంపెనీలు చేయలేనిది దొరకడం లెక్క మార్చేసింది. 2014 చివర్లో చైనా యోంగ్నువో, కెనాన్ 50 ఎంఎం ఎఫ్ 1.8ను అచ్చంగా పోలిన లెన్సును ఇంకా తక్కువకు తెచ్చింది. దాన్ని మాత్రం నేనెవరికీ సిఫారసు చేయలేదు. మరుసటి ఏడాదే కెనాన్ తన 50 ఎంఎం ఎఫ్ 1.8ను లోహపు మౌంటుతో, మెరుగైన మోటారుతో మార్చింది, తేడా ధరకు తగినట్టే ఉంది.

అద్దం లేని (మిర్రర్‌లెస్) కెమెరాలతో మౌంటు కథ మళ్లీ మొదటికొచ్చింది. సోనీ తన ఈ-మౌంటు వివరాలను 2011లో బయటి కంపెనీలకు ఇచ్చింది. టామ్రాన్‌లో సోనీకి వాటా కూడా ఉంది. ఫలితంగా 2018లో టామ్రాన్ 28-75 ఎఫ్ 2.8 వచ్చాక పెండ్లి ఫొటోగ్రాఫర్లు వరుసగా సోనీకి మారారు. ఈ కెమెరాల్లో మౌంటు నుంచి సెన్సర్‌కు దూరం 20 ఎంఎం లోపే, పాత యాషికాలో 45.5. ఆ మిగులు దూరాన్ని ఒక ఖాళీ రింగుతో నింపితే బీరువాలోని దుబాయ్ 50 ఎంఎం సోనీ మీద పనిచేస్తుంది, చేత్తో ఫోకస్ తిప్పుకోవాలి అంతే.

కెనాన్ దారి వేరు. 2018లో ఆర్‌ఎఫ్ మౌంటు తెచ్చి తలుపు బిగించింది. 2022లో విల్‌ట్రాక్స్ అనే చైనా కంపెనీని తన మౌంటుకు ఆటోఫోకస్ లెన్సులు అమ్మవద్దని ఆపింది. 2024 ఏప్రిల్‌లో సిగ్మాకు, టామ్రాన్‌కు అనుమతి ఇచ్చింది. అప్పుడు ప్రకటించినవి సిగ్మావి ఆరు, టామ్రాన్‌ది ఒకటి, అన్నీ చిన్న సెన్సర్‌కే. పెద్ద సెన్సర్ ఆర్‌ఎఫ్ బాడీ కొని, సిగ్మా ఎప్పుడో వస్తదిలే అని కూర్చున్న తమ్ముళ్లు కోరుట్లలో, జగిత్యాలలో ఉన్నారు. వాళ్లకు నేను చెప్పేది కెనాన్ ఈఎఫ్ అడాప్టర్ తీసుకొమ్మని. పెండ్లి ఫొటోగ్రాఫర్లు డీఎస్‌ఎల్‌ఆర్‌లు వదిలించుకుంటున్నారు, ఈఎఫ్ మౌంటు సిగ్మా ఆర్ట్‌లు సెకండ్ హ్యాండ్‌లో కొత్త ధర కన్నా బాగా తక్కువకు వస్తున్నాయి. అడాప్టర్ మీద వాటి ఆటోఫోకస్ పనిచేస్తుంది. కొనేముందు మాత్రం లెన్సును దీపానికి ఎదురుగా పట్టి ఏటవాలుగా చూడాలి.