తీన్ పత్తా: బ్లఫ్ ఆట మన సెల్‌ఫోన్‌లోకి ఎట్లా వచ్చింది?

ఈ ఎపిసోడ్ జైపూర్ నుంచి. జైపూర్ అనగానే రాజస్థాన్ దాకా పోకండి. ఇది మన మంచిర్యాల జిల్లా జైపూర్, మంచిర్యాల నుంచి చెన్నూరు పోయే తొవ్వలో ఉంటది. సింగరేణి వాళ్ళ 1200 మెగావాట్ల పవర్ ప్లాంట్ ఇక్కడిదే, 2016 ఆగస్టు 7న ప్రధాని గజ్వేల్‌లో సభ పెట్టి జాతికి అంకితం చేసిండు. ఇందారం బొగ్గు బాయి కూడా ఇదే మండలం. గోదావరి దాటితే గోదావరిఖని, రామగుండం.

బాయి లోపలికి సెల్‌ఫోన్ తీసుకుపోనియ్యరు, గ్యాస్ అంటుకునే ప్రమాదం కాబట్టి. షిఫ్ట్ దిగి పైకొచ్చినంక మాత్రం అందరి చేతిలో ఫోనే. ఆ ఫోన్లలో ఆడే ఆటల్లో ఒకటి తీన్ పత్తా. పత్తాలాట మనకు కొత్త కాదు. కానీ ఈ మూడు ముక్కలాట మనదేనా, ఎక్కడి నుంచైనా వచ్చిందా? ఇయ్యాల్టి ముచ్చట ఇదే.

మన దగ్గర ముక్కలు చాలా పాతవి. 1527లో బాబర్ సింధ్‌కు గంజిఫా ముక్కలు పంపినట్టు ఆయన ఆత్మకథలోనే ఉంది. గుండ్రంగా, రంగులేసి చేసే ఆ ముక్కల్ని మన పాత ఆదిలాబాద్ జిల్లా నిర్మల్‌లో కూడా తయారు చేసేవాళ్ళు. అయితే గంజిఫా వేరే ఆట. పెద్ద ముక్క వేసి పట్టు గెలుచుకోవడమే అందులో పని, చేతిలో ఏమీ లేకుండా ఎదుటోన్ని భయపెట్టి లేపడం ఉండదు.

ఆ భయపెట్టే ఆట ఇంగ్లండ్‌ది. పేరు బ్రాగ్. ఆ మాటకు అర్థమే గొప్పలు చెప్పుకోవడం. ముక్కలాటల రూల్స్ రాసి పేరు తెచ్చుకున్న ఎడ్మండ్ హాయిల్ 1751లో దీని మీద ఒక చిన్న పుస్తకమే వేసిండు. తీన్ పత్తా దీని పిల్లే అని ఎట్లా చెప్తున్నం? రూల్స్ పక్కపక్కన పెట్టి చూడండి. ఇంగ్లండ్‌లో ఆడే మూడు ముక్కల బ్రాగ్‌లో కూడా ముక్కలు చూడకుండా బ్లైండ్ ఆడొచ్చు, చూసినోడు రెట్టింపు పెట్టాలి. అచ్చం మన లెక్కే.

ఇంకో సాక్ష్యం ఉంది, నాకు మస్తు నచ్చింది. 52 ముక్కల్లోంచి మూడు తీస్తే మొత్తం 22,100 రకాలు వస్తయి. అందులో ట్రయల్, అంటే మూడూ ఒకటే నంబర్, 52. ప్యూర్ సీక్వెన్స్ 48. లెక్క ప్రకారం తక్కువ వచ్చేదే పెద్దది కావాలి కదా? అంటే ప్యూర్ సీక్వెన్స్ ట్రయల్‌ను కొట్టాలి. కానీ మన ఆటలో ట్రయలే రాజు. బ్రాగ్‌లోనూ అంతే! లెక్కకు విరుద్ధంగా ఉన్న వరస రెండు దేశాల్లో ఒకేలా ఎందుకుంటది? తల్లి నుంచి బిడ్డకు వచ్చిన పుట్టుమచ్చ అది.

మిగతా లెక్క కూడా చూడండి. సీక్వెన్స్ 720, కలర్ 1,096, జోడీ 3,744. ఏమీ లేని చేతులు 16,440. అంటే నాలుగింట మూడు సార్లు నీ చేతిలో చెత్తే పడుతది. ఈ ఆట బ్లఫ్ మీద ఎందుకు నడుస్తదో ఇక్కడ అర్థమైతది. అందరి చేతిలో చెత్తే ఉన్నప్పుడు గెలిచేది ముక్క కాదు, మొఖం.

ఇప్పుడు సికింద్రాబాద్ పోదాం. 1963 మే నెలలో అక్కడి క్రెసెంట్ రిక్రియేషన్ క్లబ్ మీద పోలీసులు దాడి చేసిన్రు. లోపల నడుస్తున్నది రమ్మీ. నిజాం కాలం నాటి హైదరాబాద్ గ్యాంబ్లింగ్ చట్టం కింద కేసు పెట్టిన్రు. అది సుప్రీంకోర్టు దాకా పోయి, 1967 నవంబర్‌లో జస్టిస్ హిదాయతుల్లా తీర్పు చెప్పిండు: రమ్మీలో ఏ ముక్క పడిందో గుర్తు పెట్టుకోవాలి, ఏది ఉంచాలో ఏది పారెయ్యాలో తెలియాలి, కాబట్టి అది ప్రధానంగా నైపుణ్యం ఉన్న ఆట. మరి మూడు ముక్కలాట? ఫ్లష్ అనీ, బ్రాగ్ అనీ పేర్లు ఎత్తి మరీ, అది పూర్తిగా అదృష్టం మీద నడిచేదన్నడు. చూసిన్రా, లండన్ బ్రాగ్ పేరు సికింద్రాబాద్ కేసులో తేలింది.

నన్నడిగితే కోర్టు మాట మూడు ముక్కల విషయంలో సగమే నిజం. ముక్క పడటం అదృష్టమే. కానీ ఎదుటోడి భయం పసిగట్టడం ఏం అదృష్టం? జ్ఞాపకశక్తిని నైపుణ్యం అన్నరు, మనిషిని చదవడాన్ని అనలేదు. సరే, తీర్పు తీర్పే. తర్వాత ఆన్‌లైన్ రమ్మీ కంపెనీలన్నీ "మాది స్కిల్ గేమ్" అని చూపించింది ఈ సికింద్రాబాద్ కేసునే.

ఫోన్ల కాలంలో నోయిడా కంపెనీ ఆక్ట్రో తీన్ పత్తా యాప్ తెచ్చింది. బెంగళూరు కంపెనీ మూన్‌ఫ్రాగ్ 2015లో తీన్ పత్తీ గోల్డ్ తెచ్చింది. 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చింది. జైపూర్ ప్లాంట్, చౌక డేటా ఒకే ఏడాది, ఒకే రెండు నెలల్లో అన్నమాట.

ఫోన్‌లోకి రాంగనే ఆటలో ఏం పోయింది? మొఖం పోయింది. చెయ్యి వణకడం, గొంతు మారడం, బీడీ గట్టిగా గుంజడం, ఇవేవీ కనిపించవు. ఎదుటి సీట్లో మనిషి ఉన్నడా, ప్రోగ్రామ్ ఉందా అన్నది కూడా ఆడేవాడికి తెలిసే దారి లేదు. కోర్టు 1967లో అన్న మాట చెట్టు కింద బల్ల కంటే స్క్రీన్ మీద ఎక్కువ నిజమైంది. ఇంకోటి, బల్ల దగ్గర జేబు ఖాళీ అయితే లేచిపోతవు, లేదంటే షిఫ్ట్ టైమ్ అయితది. ఫోన్‌లో ఆట ఆగదు, జేబు బదులు యూపీఐ ఉంటది.

ఈ బెల్ట్‌లో ఇది చిన్న ముచ్చట కాదు. దసరాకు లాభాల వాటా, దీపావళికి బోనస్, రెండూ దగ్గర దగ్గర్లో చేతికొస్తయి. 2024లో ఒక్క దీపావళి బోనసే 93,750 రూపాయలు. బాయిలో చెమటోడ్చిన ఏడాది పైసలు ఒక రాత్రి బ్లైండ్ మీద పోవడానికి ఎంతసేపు?

ప్రభుత్వాలు కూడా ఊరుకోలేదు. తెలంగాణ 2017లో ఆర్డినెన్స్ తెచ్చి గేమింగ్ చట్టాన్ని మార్చింది, ఆన్‌లైన్‌లో పైసలు పెట్టి ఆడే రమ్మీ కూడా నేరమైంది. 2020లో ఆంధ్రప్రదేశ్ అదే బాట పట్టింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టమైతే స్కిల్ అయినా, అదృష్టమైనా తేడా లేదన్నది: పైసలు పెట్టి పైసలు గెలిచే ఆన్‌లైన్ ఆట ఏదైనా బందే. సికింద్రాబాద్ క్లబ్ నుంచి వచ్చిన ఆ గీత, ఆన్‌లైన్ వరకు, 58 ఏళ్ళకు చెరిగిపోయింది.

పైన చెప్పిన యాప్‌లు నడిచేది చిప్స్ మీద. పైసలిచ్చి చిప్స్ కొనొచ్చు, గెలిచిన చిప్స్‌ను యాప్‌లో పైసలుగా మార్చుకోలేవు. ఓడిపోయే దారి ఉంది, గెలిచి తెచ్చుకునే దారి లేదు. ఇక దీపావళి రాత్రి తోటలో చాప పరిచి అసలు ముక్కలతో ఆడేవాళ్ళకు కొత్త చట్టంతో పని లేదు. వాళ్ళ మీద కేసు ఇప్పటికీ 1974 నాటి గేమింగ్ చట్టం కిందనే.