తార్నాక ప్రయోగశాలల్లో బ్యాక్టీరియా జన్యుశాస్త్రం, రోగనిరోధక పరిశోధన

హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం నుంచి తార్నాక మీదుగా హబ్సిగూడ దాకా ఉన్న కొద్దిపాటి దూరంలోనే దేశంలో పేరున్న జీవశాస్త్ర ప్రయోగశాలలు కొన్ని ఉన్నాయి. విశ్వవిద్యాలయం 1918లో మొదలైంది. సరిగ్గా అదే ఏడాది కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధిపై పరిశోధన ప్రారంభించారు. ఆ పరిశోధన నుంచి ఎదిగిన సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 1969 నుంచి జాతీయ పోషకాహార సంస్థ పేరుతో నడుస్తోంది. ప్రాంతీయ పరిశోధనశాలలోని జీవరసాయన విభాగం నుంచి 1977లో పుష్ప మిత్ర భార్గవ సారథ్యంలో రూపుదిద్దుకున్నదే సీసీఎంబీ (కణ, అణుజీవశాస్త్ర కేంద్రం).

బ్యాక్టీరియా జన్యుశాస్త్రంలో పని చాలావరకు ఒకే పద్ధతిలో సాగుతుంది. ఒక జన్యువును చెడగొడతారు, దాంతో ఏ పని ఆగిపోయిందో చూస్తారు. ఎక్కువగా వాడేది ఈ.కోలి అనే బ్యాక్టీరియా. మంచి పోషకద్రవంలో, 37 డిగ్రీల వేడిలో అది దాదాపు 20 నిమిషాలకోసారి రెండుగా చీలుతుంది. సాయంత్రం అగర్ ప్లేటు మీద పడిన ఒక్క కణం తెల్లారేసరికి కంటికి కనిపించే చుక్క అవుతుంది. దాన్నే కాలనీ అంటారు.

వేలాది కాలనీల్లో చెడిన దాన్ని పట్టుకోవడం ఎలా? దీనికి జాషువా, ఎస్తర్ లెడర్‌బర్గ్ దంపతులు 1952లో చూపిన ఉపాయం ఇప్పటికీ పాతబడలేదు. గుండ్రటి దిమ్మె మీద శుద్ధి చేసిన ముఖమల్ గుడ్డ బిగించి, కాలనీలున్న ప్లేటును దానిపై బోర్లించి మెల్లగా అదుముతారు. గుడ్డ నూగుకు కణాలు అంటుకుంటాయి. తర్వాత రెండు కొత్త ప్లేట్లను ఒకదాని వెంట ఒకటి అదే గుడ్డపై అద్ది, ఒకదాన్ని 30 డిగ్రీల్లో, రెండోదాన్ని 42 డిగ్రీల్లో ఉంచుతారు. మర్నాడు పక్కపక్కన పెట్టి చూస్తే, మొదటి ప్లేటులో ఉండి రెండోదాంట్లో లేని చుక్కే వెతుకుతున్న, వేడికి తట్టుకోలేని ఉత్పరివర్తనం. అంచున పెన్నుతో గుర్తు పెట్టడం మరిచిపోతే మాత్రం ఏ చుక్క ఏదో తేలక రాత్రి చేసిన పనంతా వృథా. ఆ మార్పే అసలు కారణమని నమ్మాలంటే, పీ1 అనే ఫేజ్ (బ్యాక్టీరియాకు సోకే వైరస్) సాయంతో దాన్ని మార్పులేని కణంలోకి చేర్చి, అదే లోపం మళ్లీ కనిపిస్తుందో లేదో చూడాలి.

మరో పద్ధతిలో, తెలియని జన్యువు పక్కన లాక్ జన్యువును అతికిస్తారు. మొదటిది పనిచేసినప్పుడల్లా రెండోది రంగు చూపిస్తుంది. సీసీఎంబీలో జె. గౌరీశంకర్ ఈ అతుకు పద్ధతితోనే, ఉప్పు పెరిగినప్పుడు ఈ.కోలిలో మేలుకునే జన్యువులను గుర్తించి 1985లో ప్రచురించారు.

తార్నాక వైపు జరిగిన పనిలో అందరికీ తెలియాల్సింది కణకవచం కథ. బ్యాక్టీరియా చుట్టూ పెప్టైడోగ్లైకాన్ అనే వల ఉంటుంది. చక్కెర గొలుసులను చిన్న పెప్టైడ్‌లు ముడివేసి దాన్ని అల్లుతాయి. కణం పెరగాలంటే వలలో కొత్త పోగులకు చోటు కావాలి, కానీ ముడులు ఇష్టం వచ్చినట్టు విప్పితే లోపలి ఒత్తిడికి కణం పగిలిపోతుంది. ఆ ముడులను విప్పి చోటు చేసే మూడు ఎంజైములను సీసీఎంబీలోని మంజులా రెడ్డి బృందం 2012లో జన్యు పద్ధతులతోనే బయటపెట్టింది. మూడూ లేని కణం కొత్త పోగులను కలుపుకోలేక చిట్లిపోతుంది. ఈ కృషికి ఆమె 2019లో ఇన్ఫోసిస్ బహుమతి అందుకున్నారు. కొత్త యాంటీబయాటిక్‌లు వెతికేవారికి ఇంతకన్నా విలువైన ఆధారాలు అరుదు.

ఆ వల ముక్కలనే జంతువుల శరీరం శత్రువు ఆనవాలుగా గుర్తుపడుతుంది. మన కణాల్లోని నాడ్2 అనే ప్రొటీను చేసే పని అదే. ఈ.కోలి వంటి బ్యాక్టీరియా వెలుపలి పొరలోని ఎండోటాక్సిన్ అనే విషపదార్థాన్ని పసిగట్టేది టీఎల్ఆర్4. దీని జాడ తెలిసింది కూడా చెడిన జన్యువు వల్లే. సీ3హెచ్/హెచ్ఈజే అనే చిట్టెలుకల జాతి ఎండోటాక్సిన్‌కు చలించదు. అందుకు కారణమైన జన్యువును వెతుకుతూ పోయి బ్రూస్ బాయిట్లర్ బృందం 1998లో టీఎల్ఆర్4ను చేరుకుంది. ఆయనకు 2011లో నోబెల్ వచ్చింది.

రోగనిరోధక పరిశోధనలో రక్తరసిలోని ప్రతిరక్షకాలను ఎలీసా అనే పరీక్షతో కొలుస్తారు. బావులున్న ప్లాస్టిక్ పలకలో రంగు ఎంత ముదిరితే ప్రతిరక్షకాలు అంత ఎక్కువ. ఇలాంటి పరీక్షల ఫలితాలు నమ్మదగినవి కావాలంటే జంతువులు ఒకే వంశానివి, ఒకే తిండి తిన్నవి కావాలి. పోషకాహార సంస్థలోని ప్రయోగశాల జంతు శాస్త్ర కేంద్రం దేశంలోని పరిశోధకులకు అలాంటి ఎలుకలను, చిట్టెలుకలను పెంచి ఇస్తూ వచ్చింది. తిండికీ రోగనిరోధక శక్తికీ ఉన్న ముడిని ఆ సంస్థ పిల్లల్లోనూ పరిశీలించింది. రక్తహీనత ఉన్న పిల్లల్లో టీ కణాలు తక్కువగా ఉన్నాయని భాస్కరం, వినోదినీ రెడ్డి 1975లో ప్రచురించారు.

జంతువుల పట్ల క్రూరత్వ నివారణకు 1960లో వచ్చిన చట్టం ఆధారంగా, వెన్నెముక ఉన్న జంతువులపై ఏ ప్రయోగానికైనా ముందు సంస్థలోని నైతికతా కమిటీ అనుమతి తప్పనిసరి. జంతువు లేకుండా ఈ ప్రశ్నకు జవాబు దొరకదా అని ఆ కమిటీ అడుగుతుంది. కణకవచం ఎలా పెరుగుతుందో చెప్పడానికి ఈ.కోలి చాలింది. ఎండోటాక్సిన్ సంగతి తేలడానికి మాత్రం చిట్టెలుక కావలసివచ్చింది. ప్రాజెక్టు కోసం ఈ ప్రయోగశాలలకు వచ్చే ఎమ్మెస్సీ విద్యార్థులు, దరఖాస్తులో మిగతావన్నీ నింపేముందు, ఆ ప్రశ్నకు తమ జవాబు నిజాయితీగా రాయాలి.